సముద్రం ముందుకొస్తోందా? రాళ్ళు పొయ్యమని అడిగే ముందు ఇది చదవండి

కాకినాడ నుంచి ఉప్పాడకి బీచ్ రోడ్డు మీద బండేసుకుని వెళ్ళినోళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. పెద్ద తుఫానొచ్చిందంటే ఆ రోడ్డు ఎక్కడో ఒకచోట కోసుకుపోద్ది, రాళ్ళు ఎగిరొచ్చి తారు మీద పడతాయి, బారికేడ్లు పెడతారు, టీవీ వాళ్ళొచ్చి నాలుగు రోజులు చూపిస్తారు, తర్వాత లారీల్లో మళ్ళీ రాళ్ళొస్తాయి. మాది ఆ చుట్టుపక్కల ఊరే. మా మావయ్య వాళ్ళ పాతిల్లు ఉన్న చోట ఇప్పుడు కెరటం విరుగుతుంది. గుడి అక్కడుండేది, బంగళా అక్కడుండేది, కొబ్బరి తోట ఇంకా అవతల అని పెద్దోళ్ళు సముద్రం కేసి చెయ్యి చూపించి చెప్తుంటే బయటోళ్ళకి కథలాగా ఉంటది. 2020లో నివర్ తుఫాను తర్వాత ఉప్పాడ ఇసకలో జనం బంగారం నలకల కోసం వెతుకుతున్నారని వార్తల్లో చూసే ఉంటారు కదా, ఆ ఆశ ఎక్కడ్నించొచ్చిందనుకున్నారు, ములిగిపోయిన ఆ ఇళ్ళూ గుళ్ళ నుంచే.

ఇది ఇంజనీర్ల కోసం రాస్తున్నది కాదు. సముద్రానికి దగ్గర్లో ఊరుండి, ఏటా కొంచెం కొంచెం ఒడ్డు తగ్గిపోతుంటే ఏం చెయ్యాలో తెలీక "రాళ్ళు పొయ్యండి బాబూ" అని అందరి చుట్టూ తిరిగే ఊళ్ళవాళ్ళ కోసం. నాకు తెలిసొచ్చింది ఏంటంటే రాళ్ళు ఆఖరి పని. అంతకు ముందు మన చేతుల్లో ఉన్న పనులు చాలా ఉన్నాయి, వాటికి పెద్ద ఖర్చు కూడా అవదు, ఓపిక కావాలంతే.

ముందు కొలవండి

నవ్వకండి, నిజంగా ఇదే మొదటి పని. "చాలా కోసేసిందండి" అని ఆఫీసులో చెప్తే ఎవరూ పెన్ను కూడా తియ్యరు. "2023 జూన్‌లో రామాలయం మూల నుంచి పోటు గీత 64 మీటర్లు, ఇప్పుడు 41" అని కాయితం మీద చూపిస్తే కుర్చీ చూపిస్తారు. (ఈ అంకెలు ఉదాహరణకి రాశాను, మీవి మీరు కొలుచుకోవాలి.)

ఊళ్ళో కదలని గుర్తులు ఒక మూడు నాలుగు ఎంచుకోండి. గుడి మూల, వాటర్ ట్యాంకు స్తంభం, తుఫాను షెల్టర్ మెట్టు, ఇలాంటివి. కరెంటు స్తంభం వద్దు, అది మారుస్తారు, మాకు అదే అయింది. ఆ గుర్తు నుంచి నేరుగా సముద్రం వైపు టేపు లాగి పోటు గీత దాకా కొలవండి. పోటు గీత అంటే పోటు దిగాక నాచు, పుల్లలు, ప్లాస్టిక్ చెత్త, చిన్న చిన్న గవ్వలు వరసగా ఒక తోరణంలా మిగిలిపోతాయే, అది. నీళ్ళ అంచు దాకా కొలిస్తే పనికిరాదు, అది గంట గంటకీ మారిపోద్ది. నెలకోసారి, ఎప్పుడూ అమావాస్య మర్నాడే కొలవాలని పెట్టుకోండి, ఎందుకంటే అప్పుడు పోటు పెద్దగా ఉంటది, పైగా వేటకెళ్ళేవాళ్ళు తిథులు ఎలాగూ మర్చిపోరు.

ఇంకొంచెం ఓపికుంటే రెండు కర్రల పద్ధతి చెయ్యండి, ఇది ప్రపంచమంతా తీరం చదివేవాళ్ళు అరవై ఏళ్ళుగా వాడుతున్నదే, దీనికి మిషన్లు అక్కర్లేదు. రెండు సరుగుడు కర్రలు తీసుకోండి, ఒక్కోటి మీటరున్నర, రెండూ సరిసమానంగా ఉండాలి. పైనుంచి కిందకి సెంటీమీటర్ల గీతలు పెయింట్ చెయ్యండి. రెండిటి మధ్యా 2 మీటర్ల తాడు కట్టండి. ఒకళ్ళు ఒడ్డు వైపు కర్ర పట్టుకుంటారు, ఒకళ్ళు సముద్రం వైపుది. ఒడ్డు వైపు ఉన్నోడు ఒక కన్ను మూసుకుని, అవతల కర్ర కొసా, ఆకాశం సముద్రం కలిసే గీతా ఒకటే వరసలోకొచ్చేలా చూడాలి. ఆ చూపు తన కర్ర మీద ఎక్కడ తగులుతుందో పైనుంచి ఎన్ని సెంటీమీటర్లో చదివితే, ఆ 2 మీటర్లలో ఇసక అంత దిగిందన్నమాట. మధ్యలో ఇసక ఎత్తుగా లేచిన చోట తిరగేసి చూడాలి, అంటే దగ్గర కర్ర కొస మీదుగా చూసి అవతల కర్ర మీద లెక్క చదవాలి. అలా రెండేసి మీటర్లు జరుగుతూ నీళ్ళ దాకా వెళ్తే ఒడ్డు ఆకారం మొత్తం కాయితం మీదకొచ్చేస్తది. మొదటిసారి మా కుర్రాళ్ళు చేసినప్పుడు గంటన్నర పట్టింది, మూడోసారికి పావుగంట. వర్షపు మబ్బుల్లో ఆ గీత కనపడదు, ఆ రోజు మానెయ్యండి, అందాజుగా మాత్రం రాయొద్దు.

ఫోటోలు కూడా. ఒకే చోట నిలబడి, ఒకే వైపు చూసి, తేదీ పడేలా. కంప్యూటర్ ఉన్నోళ్ళు గూగుల్ ఎర్త్‌లో గడియారం బొమ్మ నొక్కి పాత ఏళ్ళ ఫోటోలు వెనక్కి తిప్పి చూడండి, చాలా ఊళ్ళకి ఇరవై ఏళ్ళ కిందటివి కూడా దొరుకుతాయి, గుండె జారిపోద్ది గానీ చూడాలి.

ఒక నెల చూసి కంగారు పడొద్దు. వానాకాలంలో, తుఫాన్ల సీజన్లో ఒడ్డు సన్నబడటం, తర్వాత సముద్రం నెమ్మదించాక అదే ఇసకని మెల్లగా తెచ్చి మళ్ళీ వేసెయ్యడం మామూలే. కనీసం ఒక ఏడాది లెక్కలుండాలి, పోయిన ఏడాది జనవరితో ఈ ఏడాది జనవరినే పోల్చాలి. జనవరినీ అక్టోబర్‌నీ పోల్చి గోల పెడితే ఎవరైనా తెలిసినోళ్ళు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

ఇసక ఎక్కడ ఆగిపోతుందో పట్టుకోండి

మన తూర్పు తీరంలో ఇసక ఒకచోట ఉండదు, నడుస్తది. ఏడాదిలో ఎక్కువ నెలలు, ముఖ్యంగా నైరుతి గాలులప్పుడు, దక్షిణం నుంచి ఉత్తరానికి పోతది. చలికాలంలో ఈశాన్య గాలులకి కొంత వెనక్కి వస్తది గానీ మొత్తం మీద లెక్క ఉత్తరానికే. కాబట్టి మీ ఊళ్ళో కోత పడుతుంటే ముందు దక్షిణం వైపు చూడండి. అక్కడ ఏదో ఒకటి ఇసకని ఆపేసి ఉంటది. హార్బర్ గోడ కావచ్చు, నది మొగ దగ్గర వేసిన రాళ్ళు కావచ్చు, పక్కూరి వాళ్ళు పోయించుకున్న రాళ్ళ గట్టు కావచ్చు.

దీనికి పెద్ద ఉదాహరణ విశాఖపట్నం. అక్కడ పోర్టు దక్షిణాన, ఆర్కే బీచ్ ఉత్తరాన. పోర్టు 1933లో తెరిచారు, అప్పటి నుంచే దక్షిణం నుంచొచ్చే ఇసక పోర్టు దగ్గర ఆగి బీచ్‌కి అందకుండా పోయింది, 1970ల్లో ఔటర్ హార్బర్ గోడలు కట్టాక ఇంకా ఎక్కువైంది. అందుకే డ్రెడ్జర్‌తో ఆగిన ఇసక తవ్వి పైపుల్లో తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక కూడా అలాగే పోశారు. పోసిన ఇసక మళ్ళీ పోతది, మళ్ళీ పొయ్యాలి. "డబ్బంతా సముద్రంలో పోస్తున్నారు" అని అందరూ తిడతారు గానీ నాకైతే అది సరైన పనే అనిపిస్తది, మనం ఆపేసిన ఇసకని మనమే మోసి అవతల పడెయ్యడం న్యాయమే కదా. తప్పేంటంటే ఒక ఏడాది పోసి రెండేళ్ళు మర్చిపోవడం.

ఉప్పాడ కథ ఇంకొంచెం చిక్కు. గోదావరి తెచ్చే ఇసకా ఒండ్రూ దక్షిణం నుంచి రావాలి. ఒకటి, ఆ రాబడే తగ్గిపోయింది. 1970ల్లో గోదావరి ఏడాదికి 15 కోట్ల టన్నుల దాకా ఒండ్రు సముద్రానికి తెచ్చేది, 1990ల్లో అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది, పైన రిజర్వాయర్లలో ఆగిపోతోంది. రెండు, వచ్చేదాంట్లో బోలెడంత కాకినాడ బే ముందున్న హోప్ ఐలాండ్ దగ్గర పేరుకుంటది. హోప్ ఐలాండ్ అంటే గట్టి నేల కాదు, రెండొందల ఏళ్ళలోపు పుట్టిన 16 కిలోమీటర్ల ఇసక నాలుక. అది ఉత్తరానికి పెరిగే కొద్దీ కాకినాడకి మంచి గోడయింది, పోర్టుకి అదృష్టమైంది, ఆ నాలుక చాటు దాటాక నేరుగా కెరటం తినేది ఉప్పాడ. అంటే కాకినాడని కాపాడే ఇసకే ఉప్పాడకి రావాల్సిన ఇసక. ఇది తెలిస్తే "సముద్రానికి కోపమొచ్చింది" అనే మాట మానేస్తాం. గంగమ్మ తల్లికి జాతర చేద్దాం, ఎవరొద్దన్నారు, కానీ లెక్క కూడా చూద్దాం.

మనకి ఒకరకంగా నమ్మకం ఇచ్చే అంకె కూడా ఉంది. చెన్నైలో ఉన్న జాతీయ తీర పరిశోధన కేంద్రం వాళ్ళు 1990 నుంచి 2018 దాకా శాటిలైట్ ఫోటోలతో చూస్తే ఆంధ్రా తీరంలో 28.7 శాతం కోసుకుపోతోంది, కానీ 49.6 శాతం పెరుగుతోంది. ఇసక మొత్తానికి లేకుండా పోలేదు, చోటు మారింది. కాబట్టి మన అర్జీలో అడగాల్సింది రాళ్ళ లారీలు కాదు, ఆగిన చోటు నుంచి ఇసక మా ఊరికి దాటించండి అని.

ఉన్న ఇసకని పోనివ్వకండి

ఇది పూర్తిగా ఊరి చేతుల్లో పని, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

మొట్టమొదట, ఇసక ట్రాక్టర్లు ఆపండి. సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ ప్రాంతం) పరిధిలో ఇసక తవ్వడం చట్టప్రకారం నిషేధం. కానీ తవ్వేది ఎవరు, మన ఊరోడే, మన బావమరిదే, ఇల్లు కట్టుకుంటున్నాడు పాపం అని వదిలేస్తాం. పునాది నింపడానికి నాలుగు ట్రక్కులే కదా అంటాడు. ఆ దిబ్బ ఎత్తు మీటరు తగ్గిందంటే వచ్చే తుఫానుకి కెరటం ఎక్కడి నుంచి ఊళ్ళోకొస్తుందో చూడండి, సరిగ్గా ఆ ట్రాక్టర్ దారిలోంచే వస్తది. మా ఊళ్ళో పెద్దల దగ్గర మాట పెట్టి తవ్వినోడికి తప్పు (జరిమానా) వెయ్యాలని తీర్మానం చేశారు, పోలీసు కేసులకంటే అదే పని చేసింది.

రెండోది దిబ్బల్ని చదును చెయ్యకండి. వ్యూ బావుంటదని రిసార్టులవాళ్ళు, వలలారేసుకోడానికి బావుంటదని మనవాళ్ళు, ఇద్దరూ చేస్తారు. దిబ్బ అంటే సముద్రం బ్యాంకు ఖాతా లాంటిది, తుఫానప్పుడు అది అందులోంచి తీసుకుంటది, మన ఇంటి జోలికి రాదు.

మూడోది మొక్కలు. ఇక్కడ అందరూ చేసే తప్పు, సరుగుడు మొక్కలు తెచ్చి కెరటానికి ఎదురుగా మొదటి వరసలో నాటడం. సరుగుడు గాలికి మంచిదే, కాదనను, కానీ దాని కింద రాలిన పుల్లాకులో ఇంకే మొక్కా సరిగ్గా మొలవదు, కింద ఇసక కోసుకుపోతే వేళ్ళు బయటపడి చెట్లు వరసాగ్గా పడిపోతాయి, చూసే ఉంటారు. మొదటి వరసలో ఉండాల్సింది రావణాసురుడి మీసాలు. అదే, ముళ్ళ బంతుల్లా గుండ్రటి కాయలు కాసి ఎండాక గాలికి ఇసక మీద దొర్లుకుంటూ పోతాయే, చిన్నప్పుడు వాటి వెంటపడి పరిగెత్తేవాళ్ళం, ఆ గడ్డి. దాంతోపాటు బాలబంద తీగ, ఊదారంగు పూలతో ఇసక మీద పాకేది, ఆకు మేక గిట్టలా మధ్యలో చీలి ఉంటది. ఇవి రెండూ ఇసకలో ములిగే కొద్దీ పైకి పెరుగుతాయి, ఇసకని పట్టుకుంటాయి. వీటి వెనక మొగలి పొదలు. ఆ వెనక తాడి, సరుగుడు.

బాలబంద నాటడం సులువు. జూన్ జులై వానలు పడగానే తీగని రెండడుగుల ముక్కలు కోసి, కణుపులు రెండు మూడు ఇసకలోకి వెళ్ళేలా పడుకోబెట్టి పూడ్చాలి, కొస ఆకులు మాత్రం పైకి వదిలెయ్యాలి. అడుగున్నర దూరంలో ఇంకోటి. వాన లేకపోతే మొదటి రెండు మూడు వారాలు సాయంత్రం పూట నీళ్ళు, మంచి నీళ్ళే, బోరులో ఉప్పు తగిలితే వద్దు. మేకల్ని ఆపలేకపోతే నాటకండి, శ్రమ దండగ.

మొక్క నిలబడేదాకా దడి కట్టండి. తాటాకులు గానీ కొబ్బరి మట్టలు గానీ, మూడడుగుల ఎత్తు, పోటు గీతకి బాగా పైన, ఒడ్డుకి సమానంగా. దడి మరీ ఒత్తుగా కట్టకూడదు, సగం సందులుండాలి. గోడలా కడితే గాలి కొట్టి కింద తవ్వేస్తది, సందులుంటే గాలి వేగం తగ్గి మోసుకొచ్చే ఇసకని అక్కడే దించేసి పోతది. రెండు మూడు నెలల్లో దడి సగం ములిగితే పని జరుగుతున్నట్టే, దాని పైన ఇంకో దడి. బోట్లు లాక్కోడానికి దారి వదలాలి కదా, ఆ దారిని సముద్రానికి తిన్నగా కాకుండా కొంచెం ఏటవాలుగా వదలండి, తిన్నగా వదిలితే గాలీ నీళ్ళూ గొట్టంలో దూరినట్టు దూరతాయి.

మడ మొక్కల గురించి ఒక మాట. ఈ మధ్య తీరం అనగానే ఎవరో ఒకరు మడ మొక్కలు పట్టుకొచ్చి ఫోటోలు దిగి ఇసక బీచ్‌లో నాటేసి వెళ్తున్నారు. అవి బతకవండి. మడ చెట్టుకి బురద కావాలి, పోటుకి నీళ్ళొచ్చి పాటుకి వెళ్ళే కాలవ కావాలి, కెరటం తగలకూడదు. కాకినాడ దగ్గర కోరింగ వైపు పాడైపోయిన మడ భూముల్లో చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, ఉప్పునీళ్ళు లోపలికీ బయటికీ ఆడేలా చేసి, అప్పుడు తెల్ల మడ, ఉప్పు పొన్న పెంచారు, అదీ పద్ధతి. మీ ఊరికి ఉప్పుటేరు ఉంటే దాని ఒడ్డున పెట్టుకోండి, బీచ్‌లో మాత్రం రావణాసురుడి మీసాలే.

రాళ్ళ సంగతి

రాళ్ళు అస్సలు వద్దనట్లేదు. ఇంటికి పది మీటర్ల దూరంలో సముద్రం ఉన్నోడికి తీగలు నాటుకోమని చెప్తే కొడతాడు. రోడ్డు, స్కూలు, యాభై ఇళ్ళు రేపో మాపో పోతాయంటే రాళ్ళే దిక్కు. కానీ ఎలా పోస్తున్నారో దగ్గరుండి చూడాలి, ఊళ్ళో ఇద్దరైనా ఈ నాలుగు సంగతులు తెలిసుండాలి.

రాయి బరువు. కెరటం ఎత్తు రెండింతలైతే దానికి నిలబడే రాయి బరువు రెండింతలు కాదు, ఎనిమిదింతలు ఉండాలి. అందుకే మామూలు రోజుల్లో గట్టిగా కనిపించిన గట్టు తుఫాను రోజు బంతుల్లా ఎగిరి రోడ్డు మీద పడతది. ఇద్దరు మనుషులు ఎత్తగలిగే రాయి సముద్రానికి రాయి కాదు.

రాయి కింద గుడ్డ. ఇసక మీద నేరుగా రాళ్ళు పోస్తే ప్రతి కెరటం వెనక్కి వెళ్ళేటప్పుడు సందుల్లోంచి ఇసకని పీల్చుకుపోతది, రాళ్ళు మెల్లగా కుంగుతాయి. అందుకని ముందు జియో టెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళని పోనిచ్చి ఇసకని ఆపేది) పరవాలి, దాని మీద చిన్న రాళ్ళ పొర, దాని మీద పెద్దవి. మా మావయ్య ఒకసారి గట్టు చూపించి "ఒరేయ్ అబ్బాయ్, సముద్రం రాయిని తినదురా, రాయి కింద ఇసకని తింటది, రాయి దానంతటదే పడిపోద్ది" అన్నాడు. తర్వాత ఒక ఇంజనీరు గారు పావుగంట బొమ్మలేసి చెప్పింది కూడా అదే.

గట్టు పాదం. పాదం పోటు గీత దగ్గరే ఆపేస్తే ఒక్క సీజన్లో కింద గొయ్యి పడతది. కింద లోతుగా దించి కట్టాలి, వాలు కనీసం ఒకటికి రెండు ఉండాలి, అంటే మీటరు ఎత్తుకి రెండు మీటర్ల అడ్డం. నిలువు గోడ కడితే కెరటం ఎదురుకొట్టి వెనక్కెళ్తూ ఉన్న కాస్త బీచ్ కూడా ఊడ్చుకుపోద్ది, అప్పుడు బోటు ఎక్కడ పెట్టుకుంటారు?

నాలుగోది గట్టు చివర. గట్టు ఎక్కడ ఆగిందో అక్కడ్నించి కోత పెరుగుద్ది. మన ఊరి గట్టు చివర అంటే పక్క ఊరి మొదలు. ఇది పెద్ద గొడవలకి దారి తీస్తది, చూశాను. అందుకే పక్క ఊరి పెద్దల్ని కూర్చోబెట్టుకుని రెండు ఊళ్ళకీ కలిపి అడగండి.

జియోట్యూబ్ గురించి చాలామంది అడుగుతారు. అదంటే గట్టి గుడ్డతో చేసిన పెద్ద గొట్టం, మోటార్లతో ఇసకా నీళ్ళూ కలిపి లోపలికి కొడతారు, నీళ్ళు కారిపోయి ఇసక నిండిపోతది. పదిహేనేళ్ళ కిందట ఉప్పాడలో వేశారు, కొన్నాళ్ళు బాగానే కాసింది, తర్వాత తుఫాన్లకి దెబ్బతిని చిరిగిపోయింది. దానికి ఎండ పడదు, కత్తి పడదు, లంగరు పడదు, బోటు అడుగు రాసుకున్నా పడదు. ఒకచోట చిరిగితే రెండో రోజుకే కుట్టు వెయ్యాలి. ఒడిశాలో కేంద్రపరా జిల్లా పెంఠ ఊళ్ళో అర కిలోమీటరు జియోట్యూబ్ గట్టు వేసి పైన వలల్లో నింపిన రాళ్ళు కప్పారు, అలాంటిది కొంచెం నయం. వేసేటప్పుడు మెయింటెనెన్స్ ఎవరిది, ఎన్నేళ్ళు, డబ్బు ఎక్కడిది అని రాతపూర్వకంగా అడగండి. ప్రారంభోత్సవం రోజు అడగాలి, తర్వాత ఎవరూ దొరకరు.

పుదుచ్చేరిలో 1980ల్లో హార్బర్ గోడలు కట్టాక ఊరి ముందున్న బీచ్ మొత్తం పోయి రాళ్ళే మిగిలాయి. 2018 ప్రాంతంలో నీళ్ళ లోపల ఒక దిబ్బ లాంటిది కట్టి, హార్బర్ దగ్గర తవ్విన ఇసక తెచ్చి పోస్తే మళ్ళీ కొంత బీచ్ వచ్చింది. అలాంటివి ఊరు చేసుకునే పని కాదు, కానీ అర్జీలో "ఇలాంటిది పరిశీలించండి" అని పేరు పెట్టి అడిగితే ఆ మాటకి బరువుంటది.

అర్జీ ఎలా రాయాలి

మేం మొదట తెల్ల కాయితం మీద పావు పేజీ రాసి తీసుకెళ్ళాం. ఒక ఆఫీసులో "సముద్రం మా శాఖ కాదు" అన్నారు, ఇంకో ఆఫీసులో "రోడ్డు మాదే గానీ కోత మాది కాదు" అన్నారు. మూడు వారాలు తిరిగాం, డీజిల్ డబ్బులు దండగ. తర్వాత పద్ధతి మార్చాం. ముందు గ్రామసభ తీర్మానం. దానికి కొలతల పట్టిక, ఫోటోలు, ప్రమాదంలో ఉన్న ఇళ్ళ సంఖ్య, సర్వే నంబర్లు, రోడ్డు ఎన్ని మీటర్లు, బడి అంగన్‌వాడీ ఉన్నాయా, ఇవన్నీ రెండు పేజీల్లో. ఒకటే అర్జీ కలెక్టర్ గారికి సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి, జలవనరులు, మత్స్య శాఖ, ఆర్ అండ్ బి, ముగ్గురికీ కాపీలు పెట్టి రసీదు తీసుకున్నాం. ఇంకోటి, సీఆర్‌జెడ్ నిబంధనల కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఒకటి ఉండాలి, అందులో మత్స్యకారులతో సహా స్థానికులు కనీసం ముగ్గురు సభ్యులుగా ఉండాలి. మీ జిల్లాలో ఆ ముగ్గురెవరో కనుక్కోండి, తెలీకపోతే పది రూపాయల ఆర్‌టీఐ పెట్టండి.

డబ్బు సంగతి కూడా తెలుసుకుని వెళ్ళండి. తుఫాను, వరద, సునామీ లాంటివి విపత్తు సాయం జాబితాలో ఉన్నాయి, తీరం కోత ఆ జాబితాలో లేదు. అంటే తుఫానులో పడిపోయిన ఇంటికి సాయం వస్తది, అదే ఇల్లు ఏ గాలీ లేని పౌర్ణమి పోటుకి పడిపోతే రూలు ప్రకారం ఇబ్బంది పెడతారు. అందుకని తుఫాను రోజుల్లో గోడ బీటలిచ్చినా సరే అదే రోజు ఫోటో తీసి వీఆర్వో చేత రాయించుకోవాలి, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి కోత నివారణ పనులకి 1,500 కోట్లు, కోతతో ఊళ్ళొదిలిన వాళ్ళ పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి కేటాయించింది, అందులో నది కోత కూడా కలిసే ఉంది. కోతకి విడిగా డబ్బు పెట్టొచ్చని ఒప్పుకున్నారు కదా, ఆ మాట పట్టుకుని మా జిల్లా నుంచి ప్రతిపాదన వెళ్ళిందా అని అడగండి.

ఇంటి పనులు

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళు అలల ఎత్తు రోజూ చెప్తారు, ఉప్పెన హెచ్చరికలు కూడా ఇస్తారు, సముద్ర అనే యాప్ కూడా ఉంది, వేటకెళ్ళేవాళ్ళ ఫోన్లలోనే కాదు, ఇంట్లో ఉండే ఆడవాళ్ళ ఫోన్లలో కూడా వేయించండి. పెద్ద అలలు అమావాస్య, పౌర్ణమికి కలిసొస్తే ఆ రాత్రి ముందు వరస ఇళ్ళవాళ్ళు వెనక్కి పడుకోవాలి.

కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళు సముద్రం వైపు గది పెంచకండి, వెనక్కి పెంచండి. సెప్టిక్ ట్యాంకు కూడా వెనక్కే. ఉప్పాడ చుట్టుపక్కల జాందానీ నేసే ఇళ్ళల్లో గుంట మగ్గాలుంటాయి, కాళ్ళు పెట్టుకునే ఆ గుంటలోకి ఉప్పునీళ్ళు ముందొస్తాయి, మగ్గం మీదున్న చీర ఒకటి తడిసిందంటే నెలల పని పోయినట్టే. హెచ్చరికొచ్చిన రోజు పడుగు (మగ్గం మీద నిలువు దారాలు) పైకి చుట్టి పెట్టే సాయానికి ఇద్దర్ని ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇంకా కొన్ని రోజుల్లో ఇల్లు పోద్దని తెలిసిపోయినప్పుడు చెయ్యాల్సిన పని చెప్తుంటే నాకే నోరు రాదు గానీ, తలుపులు, కిటికీ చట్రాలు, ఇనప దూలాలు, పెంకులు ముందే విప్పుకోండి. మా వాళ్ళు ఆఖరి రోజు దాకా ఆగారు. ద్వారబంధం ఒకటి దక్కింది, అది ఇప్పుడు మా ఇంట్లో వలలు పెట్టే కొట్టుకి ఉంది.

ఊరు మారాల్సొస్తే

దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఆఖర్న రాత్రికి రాత్రి మాట్లాడాల్సొస్తది. ఒడిశాలో సాతభాయ అని ఉంది, ఏడుగురు అన్నదమ్ములని అర్థం, ఏడు ఊళ్ళు, చాలావి సముద్రంలో కలిసిపోయాయి, మిగిలినవాళ్ళని 2018లో ప్రభుత్వమే బగపాటియాకి మార్చింది. ఇల్లు వస్తది, సముద్రం దూరమైపోద్ది, వేట ఎలా అనేది అక్కడి ప్రశ్న. మన దగ్గర అడిగేటప్పుడు ఇంటి స్థలం ఒక్కటే అడిగితే సరిపోదు. బోటు ఎక్కడ లాగాలి, వలలు ఎక్కడ బాగుచేసుకోవాలి, ఎండుచేప ఎక్కడ ఆరబెట్టాలి, ఆ చోటు ఊరి పేరు మీద రాసివ్వమని అడగాలి. లేకపోతే మనం ఖాళీ చేసిన ఒడ్డు మీద రేపు ఇంకెవరో బోర్డు పెడతారు. పట్టా ఇంటి ఆడవాళ్ళ పేరు మీద అడగండి. వరసలు విడిపోకుండా, ఒక వీధి వాళ్ళంతా ఒక వీధిలోనే ఉండేలా అడగండి, తెల్లారుజామున మూడింటికి బోటు తొయ్యడానికి పక్కింటోడే కావాలి.

ఎప్పుడు మొదలెట్టాలంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులు మగాళ్ళంతా ఊళ్ళోనే ఉంటారు, పేకాట తప్ప పనుండదు. మొదటి కొలత అప్పుడు తియ్యండి, దడికి తాటాకు అప్పుడు కొట్టించండి, వాన పడగానే తీగలు నాటడానికి సిద్ధంగా ఉంటది.

ఆ కొలతల పుస్తకం మాత్రం సముద్రం వైపు ఇంట్లో పెట్టకండి. మాది ముందు వరసలో ఉన్న మా మావయ్య ఇంట్లోనే పెట్టాం, రెండేళ్ళ లెక్కలు ఒక్క రాత్రి తడిసి ముద్దయిపోయాయి, ఎండబెట్టి దీపం ముందు పట్టుకుని ఒక్కో అంకే చదివి మళ్ళీ రాసుకున్నాం. ఇప్పుడు ప్రతి పేజీ ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో వేస్తున్నాం, పుస్తకం స్కూల్లో హెడ్ మాస్టర్ గారి బీరువాలో ఉంటుంది.